పాత పత్రిక ఎందుకు పసుపుబారుతుంది?

కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు 1908లో బొంబాయిలో ఆంధ్రపత్రికను వారపత్రికగా ప్రారంభించారు. 1914 నుంచి అది మద్రాసులో దినపత్రికగా వెలువడింది, 1991లో ఆగిపోయింది. ఇక కొత్త సంచికలు రావు. మిగిలి ఉన్న కాగితం ఎంతకాలం నిలుస్తుందన్నదే ప్రశ్న.

వార్తాపత్రికల కాగితాన్ని చాలాకాలం ఎక్కువగా కలపను యంత్రాలతో నూరిన గుజ్జుతోనే చేశారు. కలపలో సెల్యులోజ్ పోగులను లిగ్నిన్ అనే పదార్థం జిగురులా పట్టి ఉంచుతుంది. రసాయనాలతో ఉడికించిన గుజ్జులో లిగ్నిన్ చాలావరకు తొలగిపోతుంది. నూరిన గుజ్జులో అలాగే ఉండిపోతుంది. వెలుతురు, ఆక్సిజన్ సోకితే అది పసుపురంగు పదార్థాలుగా మారుతుంది. కాగితంలోని ఆమ్లం తేమతో కలసి సెల్యులోజ్ గొలుసులను తెంచుతుంది. అందుకే కాగితం పెళుసవుతుంది.

ఒక చిన్న ప్రయోగం చేయండి. నేటి పత్రికలో ఒక ముక్కను సగం అట్టతో కప్పి, కొన్ని రోజులు ఎండలో ఉంచండి. అట్ట తీసి చూస్తే తేడా మీకే తెలుస్తుంది.

జంషెడ్‌పూర్‌లోని సోనారి, ఖర్కాయి, సువర్ణరేఖ నదులు కలిసే చోటికి దగ్గరలో ఉంది. ఇక్కడ వేసవిలో వేడి, వానాకాలంలో తేమ రెండూ ఎక్కువే. ఇక్కడి తెలుగువారి ఇళ్లలో పాత సంచికలుంటే అటక మీద వేయకండి. మడతలు విప్పి, వెలుతురు సోకని పొడిచోట పరచి ఉంచండి. చిరిగినచోట సెల్లోటేపు అంటించకండి. దాని జిగురు మరకలు వదలవు. ముందుగా ప్రతి పుటకూ ఫోటో తీయండి. కాగితం క్షీణతను మనం ఆలస్యం చేయగలమే గాని పూర్తిగా ఆపలేము.