మిడిల్ పాయింట్ నుంచి ఒకే ఒక్క ప్రయాణం

ఈ వారం లేఖ పార్లమెంటును గురించి కాదు. ఐనా పార్లమెంటుతో బొత్తిగా సంబంధం లేనిదీ కాదు.

పోర్ట్ బ్లెయిర్‌కు 2024 సెప్టెంబరులో కేంద్ర ప్రభుత్వం శ్రీ విజయపురమని పేరు పెట్టింది. ఆ ఊళ్లోని మిడిల్ పాయింట్‌కు మాత్రం పాత పేరే మిగిలింది. ప్రభుత్వ హస్తకళల విక్రయశాల ‘సాగరిక’ ఉన్న ఆ పేటలో నా పినతల్లి కుమారుడు పాతికేళ్లుగా కాపురముంటున్నాడు. శ్రీకాకుళం, విశాఖ ప్రాంతాల నుంచి బతుకుతెరువు వెతుక్కుంటూ అక్కడికి చేరినవారు తక్కువేమీ కాదు. 2011 జనాభా లెక్కల ప్రకారం ఆ దీవుల్లో తెలుగు మాతృభాషగా గలవారు సుమారు 50 వేలు, అంటే నూటికి 13 మంది.

తమ్ముడి కుమార్తె పదకొండో తరగతి చదువుతున్నది. వయొలిన్ నేర్చింది. పై చదువు కూడా అదేనని పట్టు పట్టింది. తండ్రికి ఫార్మసీ మీద గురి. “ముందు ఆ కాలేజీలు చూసి రండి, తగవు తరువాత పడదాం” అని తల్లి తీర్పు చెప్పింది. పర్యటన ఏర్పాటు చేసే భారం ఢిల్లీలో ఉన్న పెదనాన్నకు అప్పగించారు.

ఇటువంటి సందర్శనకు దరఖాస్తు లేదు, ముహూర్తం లేదు. విజయవాడ పిల్ల ఐతే రాత్రి రైలెక్కి, పగలంతా విశాఖలో తిరిగి, మరునాటికి ఇల్లు చేరుకోగలదు. మిడిల్ పాయింట్ పిల్లకు విశాఖ ఆకాశమార్గాన సుమారు 1,200 కిలోమీటర్లు. ఓడలో దాదాపు మూడు రోజులు. ఆ ఓడలైనా చెన్నైకి, కలకత్తాకు ఉన్నన్ని విశాఖకు లేవు. అందుచేత దీవుల పిల్లలు చాలామంది కళాశాలను చూడకుండానే చేరిపోతారు. నచ్చలేదని తెలిసే సరికి ఫీజు కట్టి ఉంటారు.

ఆ దీవులవారు తమ లోక్‌సభ సభ్యుణ్ణి తొలిసారి ఓటు వేసి ఎన్నుకున్నది 1967లో. అంతకు ముందు రాష్ట్రపతి నియమించేవారు. జవహర్‌లాల్ నెహ్రూ రాజకీయ మహావిద్యాలయం అక్కడ ఆరంభమైనదీ ఆ యేడే. దానికి అనుబంధం మాత్రం మొదట ఎక్కడో చండీగఢ్‌లోని పంజాబ్ విశ్వవిద్యాలయంతో. 1985లో పుదుచ్చేరి విశ్వవిద్యాలయం ఏర్పడిన తరువాతనే దాని నీడకు చేరింది. ఆ ఒక్క సభ్యుడు లేచి నౌకల కొరతను ప్రస్తావించడం, మంత్రి జవాబు చదవడం విలేకరుల గ్యాలరీ నుంచి పలుమార్లు విన్నాను. నోటు పుస్తకంలో రెండు పంక్తులు రాసుకొని, ఆనాటికి పెద్ద వార్త మరొకటి ఉండటంతో వదిలేసిన సందర్భాలే ఎక్కువ. ఆ రెండు పంక్తులే ఇప్పుడు మా ఇంటి సమస్యగా తిరిగి వచ్చాయి.

నేను వేసిన మొదటి ప్రణాళికలో ఐదు నగరాలున్నాయి: ఢిల్లీ, వారణాసి, చెన్నై, తిరుపతి, విశాఖ. ఢిల్లీ విశ్వవిద్యాలయంలో 1960 నుంచి సంగీత విభాగం ఉన్నది, అందులో కర్ణాటక సంగీతమూ ఉన్నది. పైగా మా ఇల్లున్నది. తమ్ముడు చదివి, “అన్నయ్యా, మీరు ప్రధానమంత్రి పర్యటన రాశారు. మా దగ్గర ఒక్క ప్రయాణానికే డబ్బున్నది” అన్నాడు.

ఎప్పుడు వెళ్లాలన్నది మరో చిక్కు. డిసెంబరులో చెన్నై సభల్లో మధ్యాహ్నపు కచేరీలు ఉచితంగా వినవచ్చు, తన ఈడు పిల్లలు ఎంత వాయిస్తున్నారో తెలుస్తుంది. ఐతే అప్పుడు కళాశాలల్లో పరీక్షల హడావిడి. జూలై, ఆగస్టుల్లో తరగతులు నిండుగా ఉంటాయి గాని సముద్రం ఊరుకోదు. చివరకు మార్చి నెలాఖరు కుదిరింది. అప్పటికి అమ్మాయి పరీక్షలు ముగుస్తాయి, సముద్రం నిమ్మళిస్తుంది, కళాశాలల్లో పాఠాలింకా నడుస్తుంటాయి.

ఏమేమి చూడాలో నేను ఫోనులో ఉపన్యసించాను. ద్వారబంధం మీది పేరు కాదు, సాధన గది చూడాలి. ఒక గురువు దగ్గర వయొలిన్ పిల్లలెందరో రెండో సంవత్సరం వారిని అడగాలి. హాస్టల్లో తెల్లవారుజామున ఐదింటికి వాయిస్తే వార్డెన్ ఊరుకుంటుందా అని కనుక్కోవాలి. అమ్మాయి అంతా విన్నది. “పెదనాన్నా, వాళ్లు ఎలా వాయిస్తారో ఇక్కడ ఫోనులోనే వింటున్నాను. నేను వాయిస్తే వాళ్లేమంటారో నాకు వినాలని ఉంది. ఇంతవరకు మా టీచరు తప్ప వయొలిన్ తెలిసినవాళ్లెవరూ నన్ను వినలేదు” అన్నది.

ఆ మాటతో ప్రణాళిక మారిపోయింది. ద్వారం వేంకటస్వామినాయుడుగారు 1919లో విజయనగరం సంగీత కళాశాలకు విద్యార్థిగా చేరుదామని వెళ్లారని, వాయిద్యం విన్న ఆదిభట్ల నారాయణదాసుగారు ఆయనను ఉపాధ్యాయునిగానే తీసుకున్నారని చెబుతారు. అప్పటికి ఆయన వయస్సు ఇరవయ్యారేళ్లు. మా అమ్మాయికి ఉద్యోగమెవరూ ఇవ్వనక్కరలేదు. పావుగంట వింటే చాలు. అందుకు ఊరికే గుమ్మంలో నిలబడితే కుదరదు. ముందుగా ఉత్తరం రాయాలి, ప్రవేశం అడగటం లేదని అందులో స్పష్టం చేయాలి. వాయించేటప్పుడు తండ్రి వరండాలోనే ఉండాలి.

వారణాసి, తిరుపతి తప్పుకున్నాయి. ఢిల్లీ కూడా తప్పుకున్నది. ఇక్కడ మా ఆవిడ సర్ది ఉంచిన గది సంగతి నేను చెప్పలేదు. చెన్నైలో క్వీన్ మేరీస్ కళాశాల, 1932 నుంచి సంగీతశాఖ నడుపుతున్న మద్రాసు విశ్వవిద్యాలయం. అక్కడి నుంచి రైలులో విజయనగరం. ఆ పిమ్మట విశాఖలో ఆంధ్ర విశ్వవిద్యాలయం. విజయనగరంలో నాలుగేళ్ల సర్టిఫికెట్టు, ఆపైన రెండేళ్ల డిప్లొమా. “అది డిగ్రీతో సమానమేనా?” అన్నది తమ్ముడి ప్రశ్న. ఇది న్యాయమైన ప్రశ్నే. జవాబు అక్కడి కార్యాలయంలోనే, కాగితం మీద తీసుకొమ్మన్నాను.

ఓడ తేదీ ఇంకా ప్రకటించలేదు. బంకు తరగతికే టిక్కెట్లు కొంటారట. డెక్కు మీద వాయించుకోనిస్తారా, ఉప్పుగాలికి తీగలు పాడవుతాయా అని అమ్మాయి నిన్న అడిగింది. తీగలు రెండు జతలు అదనంగా తెచ్చుకొమ్మన్నాను.