నీళ్లలో దిగకముందే పోయినవాళ్లు

బాప్తిస్మం ఇంకో వారం ఉందనగా గుండెపోటుతో పోయాడాయన. కుట్టించుకున్న తెల్లబట్టలు ఇస్త్రీ మడత విప్పకుండా బీరువాలోనే ఉన్నాయి. పలకరింపుకొచ్చిన సంఘ పెద్ద ఒకాయన టీ గ్లాసు చేతిలో ఉండగానే, "ఏం లాభం సిస్టర్, ముంచకముందే పోయాడు. రక్షణ లేనట్టే" అనేశాడు. ఆ రోజు నుంచి ఆయన భార్యకు సరిగా తిండి లేదు.

ఇలాంటివాళ్ల నోట ఎప్పుడూ మార్కు 16:16 ఉంటుంది: నమ్మి బాప్తిస్మం పొందినవాడు రక్షణ పొందుతాడని. రెండో సగం కూడా చదవండి బాబూ! అక్కడ శిక్ష నమ్మనివాడికి. మునగనివాడి ఊసే లేదు.

సిలువ మీది దొంగ సంగతి ఎత్తితే, "అప్పటికి ఆజ్ఞ రాలేదుగా" అంటారు. సరే, అతన్ని వదిలేద్దాం. కొర్నేలీ ఇంటికి పదండి, అపొస్తలుల కార్యాలు 10. పేతురు ప్రసంగం ముగియనే లేదు, వింటున్నవాళ్ల మీదికి పరిశుద్ధాత్మ దిగాడు. నీళ్ల మాట ఆ తర్వాతే వచ్చింది. రక్షణ లేనివాళ్ల మీదికి ఆత్మ దిగుతాడా?

అంతదూరం ఎందుకు, మన ఒంగోలే ఉంది. 1876–78 కరువులో మిషనరీ క్లౌ దొర బకింగ్‌హామ్ కాలువలో మూడు మైళ్ల తవ్వకం కాంట్రాక్టు తీసుకుని జనానికి పని చూపించాడు. బాప్తిస్మమిమ్మని వచ్చినవాళ్లను మాత్రం ఆగమన్నాడు, గింజల కోసం వస్తున్నారేమోనని. చుట్టూ మనుషులు రాలిపోతున్నారు. మునగకపోతే నరకమే అని నమ్మినవాడైతే ఒక్కరోజైనా ఆపేవాడా? కరువు తగ్గాక 1878 జూలై 3న, ఒక్కరోజే, గుండ్లకమ్మలో 2,222 మంది బాప్తిస్మం పొందారు.

బాప్తిస్మంలోనే కొత్త జన్మ అని బోధించే కాథలిక్కులు కూడా ఈ సంఘ పెద్దంత కఠినంగా లేరు. 392లో రోమా చక్రవర్తి రెండో వాలెంటినియన్ బాప్తిస్మం అందకుండానే చనిపోతే, ఏడుస్తున్న అతని తోబుట్టువులను బిషప్ అంబ్రోసు ఓదార్చాడు: అతను కోరుకున్నాడు, అడిగాడు, కనుక పొందినట్టే అని.



ఒక్కటి మాత్రం ఒప్పుకోక తప్పదు. "గుర్తే కదా, తీరిగ్గా చూద్దాం" అనేవాళ్లకూ లేఖనంలో ఆసరా దొరకదు. 1 పేతురు 3:21 బాప్తిస్మాన్ని రక్షణతో ముడిపెట్టే మాట్లాడింది. ఫిలిప్పీ చెరసాల నాయకుడు తెల్లారేదాకా కూడా ఆగలేదు, ఆ రాత్రే ఇంటిల్లిపాదితో తీసుకున్నాడు.

కాబట్టి ఒంట్లో ఓపిక ఉన్నవాళ్లు వాయిదాలు వేయకండి. మంచం పట్టినవాళ్లను మాత్రం ఆక్సిజన్ గొట్టం పీకి తొట్టిలోకి దించకండి. తొలినాళ్ల క్రైస్తవుల దిదాకే గ్రంథంలోనే వెసులుబాటు ఉంది: తగినన్ని నీళ్లు లేనప్పుడు తలమీద మూడుసార్లు పోస్తే సరిపోతుందని. చావింటికి వెళ్లినప్పుడు తీర్పులు పట్టుకెళ్లకండి. క్యారేజీలో ఇంత అన్నం పట్టుకెళ్లి, దగ్గర కూర్చుని ఆవిడ చేత నాలుగు ముద్దలు తినిపించి రండి.