పాత లెక్కలకు కొత్త భాష

కుట్టుమిషను పాతబడితే కొత్తది కొనుక్కుంటాం. జాకెట్టు కొలతలు మన దగ్గరే ఉంటాయి కాబట్టి బెంగలేదు. అదే వ్యాపారంలో వాడే కంప్యూటర్ ప్రోగ్రాం పాతబడితే? అక్కడ కొలతలు కూడా మిషను పొట్టలోనే ఉండిపోతాయి. చిక్కంతా అదే!

చీరాలలో మా ఆడపడుచు వాళ్లది చేనేత వ్యాపారం. నేత ఇళ్లకు నూలిచ్చి, చీరలు నేయించి, మజూరీ ఇస్తారు. కొట్లో లెక్కలు చూసేది మా వదినే. ఏ ఇంటికి ఎంత నూలు వెళ్లింది, ఎన్ని చీరలొచ్చాయి, అడ్వాన్సు కింద ఎంత కోయాలి... ఇవన్నీ 1996లో ఓ కుర్రాడు ఫాక్స్‌ప్రోలో రాసిచ్చిన ప్రోగ్రాంలోనే ఉన్నాయి. డాస్‌లో నడిచే అలాంటి ప్రోగ్రాములు ఇప్పటి 64 బిట్ విండోస్‌లో నేరుగా నడవవు. అందుకని ఓ ముసలి కంప్యూటర్‌ని కళ్లలో వత్తులేసుకుని కాపాడుకుంటూ వచ్చారు. అది మొరాయిస్తే శనివారం మజూరీలు ఆగిపోతాయి. పాతిక ఇళ్లలో పొయ్యి వెలగాలి కదండీ!

సరే, కొత్తగా రాయిద్దామనుకున్నారు. ఏ భాషలో? మేనల్లుడు పైథాన్ అన్నాడు. విజయవాడ నుంచి వచ్చిన సంస్థవాళ్లు జావా అన్నారు. ఆడిటర్‌గారు ‘టాలీ కొనుక్కోండి, గొడవుండదు’ అన్నారు. ‘ఎవరి గోల వారిది. నాకేమో ఒక్క ముక్కా అర్థం కావడంలేదు’ అంది వదిన ఫోన్లో. కథలు రాసుకునే నాకు మాత్రం ఏం తెలుసు? అయినా కుతూహలం కొద్దీ చదివాను, తెలిసినవాళ్లని అడిగాను.

ఆడవాళ్లు వేసిన పునాది

వ్యాపార లెక్కల కోసం పుట్టిన కోబాల్ భాష వెనక మనలాంటి ఆడవాళ్లే ఉన్నారని తెలిసి భలే సంతోషం వేసింది. అన్ని కంప్యూటర్ల మీదా నడిచే ఉమ్మడి భాష కావాలని 1959లో పట్టుబట్టినావిడ మేరీ హాస్. గ్రేస్ హాపర్ అంతకుముందు తయారుచేసిన ఫ్లోమాటిక్ దానికి దారి చూపింది. మన పిల్లలెందరో అమీర్‌పేటలో ఈ కోబాల్ నేర్చుకునే 2000 సంవత్సరం సమస్యను సరిచేయడానికి అమెరికా విమానమెక్కారు.

ఆ భాష ఇంకా బతికే ఉంది. తెలిసినవాళ్లే తగ్గిపోతున్నారు. 2020 ఏప్రిల్‌లో, కరోనా రోజుల్లో, నిరుద్యోగ భృతి దరఖాస్తులు వెల్లువెత్తితే, పాత కంప్యూటర్లను చూసుకోవడానికి కోబాల్ వచ్చినవాళ్లు కావాలని న్యూజెర్సీ గవర్నరే బాహాటంగా అడగాల్సివచ్చింది. అంటే భాషను ఎంచుకునేటప్పుడు మొదట అడగాల్సింది ‘ఇది ఎంత గొప్పది?’ అని కాదు, ‘పదేళ్ల తర్వాత మన ఊళ్లో దీన్ని బాగుచేసేదెవరు?’ అని.

రెండో ప్రశ్న, దాని తాళంచెవి ఎవరి చేతిలో ఉంది? ఫాక్స్‌ప్రో ఒక్క కంపెనీ సొత్తు. మైక్రోసాఫ్ట్ 2004 తర్వాత పెద్ద వెర్షనేదీ తేలేదు, 2015లో మద్దతు మానేసింది. వాడేవాళ్లు నడివీధిలో మిగిలారు.

మూడోది పైసల సంగతి. కంప్యూటర్లో 0.1కి 0.2 కలిపితే చాలా భాషల్లో 0.3 రాదు, 0.30000000000000004 వస్తుంది! దశాంశాలను అది రెండంకెల లెక్కలో దాచుకుంటుంది కాబట్టి ఈ తేడా. అందుకే జావాలో బిగ్‌డెసిమల్, పైథాన్‌లో డెసిమల్ అని విడిగా ఉన్నాయి. లేదా రూపాయల్ని పైసలుగా మార్చి పూర్ణాంకాల్లోనే లెక్క కట్టొచ్చు. రాసేవాళ్లని ఈ ఒక్క ప్రశ్న అడగండి. తడుముకుంటే జాగ్రత్తపడండి.

భాషకంటే ముందు పద్ధతి

చివరికి వదిన వాళ్లు పైథాన్‌కే ఓటేశారు. దగ్గర్లోని ఇంజనీరింగ్ కాలేజీ పిల్లలకు అది వచ్చు, పాత ఫైళ్లను చదివే సాధనాలు అందులో ఉన్నాయి. జావా అయినా నడిచేదే. టాలీ అయితే నూలు, మజూరీ లెక్కలు ఈ కొట్టు పద్ధతిలో రావడానికి విడిగా పని చేయించుకోవాలి.

అసలు పరీక్ష ఆ తర్వాతే వచ్చింది. పాతదీ కొత్తదీ మూడు నెలలు పక్కపక్కన నడపాలని వదిన పట్టుబట్టింది. రెండో నెలలో ఓ బాలింత ఖాతాలో అడ్వాన్సు పూర్తిగా కోసేసి, చేతికి మూడొందలు చూపించింది కొత్త ప్రోగ్రాం. పాతదాంట్లో పేరు పక్కన ఓ అక్షరం కొడితే ఆ నెల కోత ఉండదు. ఇంట్లో పురుడైనా, చావైనా అడ్వాన్సు ముట్టుకోకూడదన్నది వదిన అత్తగారు పెట్టిన నియమం. అది ఏ కాగితం మీదా లేదు. పాత ప్రోగ్రాంలో ఒక్క వరుసగా ఉంది, వదిన మనసులో ఉంది. కొత్తగా రాసినవాళ్లు ఆ అక్షరాన్ని పనికిరానిదనుకుని తీసేశారు.

మజూరీ ఇంకా పాత లెక్క ప్రకారమే ఇస్తున్నారు కాబట్టి సరిపోయింది. లేకపోతే ఆ పిల్ల చేతిలో మూడొందలే పడేవి. ఎవరినడగాలో కూడా ఆమెకు తెలిసేది కాదు.

పెద్దవాళ్లకూ ఇది తప్పలేదు. ఇంగ్లండ్‌లో టీఎస్‌బీ బ్యాంకు 2018లో ఖాతాలన్నీ కొత్త కంప్యూటర్లకు ఒక్కసారిగా మార్చితే, 19 లక్షల మంది దాకా తమ ఖాతాలు చూసుకోలేకపోయారు. 2022లో 4 కోట్ల 86 లక్షల పౌండ్ల జరిమానా పడింది. అక్కడా తప్పు భాషది కాదు, తొందరది.

మీ ఇంట్లోనో, కొట్లోనో ఇలాంటి మార్పు వస్తుంటే, భాష పేరు తేలకముందే ఓ నోటుపుస్తకం తీయండి. ఏ లెక్క ఎందుకలా చేస్తున్నారో మామూలు తెలుగులో రాయండి. ‘నాకు కంప్యూటర్ రాదు’ అని పక్కకు తప్పుకోకండి. కంప్యూటర్ తెలిసినవాళ్లు బోలెడంతమంది దొరుకుతారు. మీ కొట్టు లెక్కలు తెలిసింది మీకే.