మాట నాదే, మొఖం ఏది బిడ్డా?

రెండేండ్ల కింద ఒక ఊర్ల కూలోళ్ల కష్టం మీద ఫోన్‌ల వీడియో తీసిన. మిట్టమధ్యాహ్నం. ఒక అవ్వను చూరు నీడల కూసోబెట్టిన. ఆమె ఎనుక ఎండల కొత్తగ సున్నమేసిన గోడ. కూలి పైసలు ఎన్ని దినాలు ఆగినయో వేళ్ల మీద లెక్కపెట్టి చెప్పింది. పొద్దుమీకి వీడియో చూపెడితే ఒక్కటే అడిగింది: "మాట నాదే, మొఖం ఏది బిడ్డా?"

నిజమే. గోడ మీద సున్నం కుంచె గీతలు కూడా కనపడుతున్నయ్. అవ్వ మాత్రం బొగ్గుముద్ద. "ఆమె నల్లగుంటది కదనే" అన్నడు పక్కన పోరడు. నేనూ గట్లనే అనుకున్న. అది తప్పని తర్వాత సినిమాల కెమెరా అసిస్టెంటుగ పనిచేసిన ఒక దోస్తు చెప్పిండు. చెప్పుడే కాదు, తన లైట్ మీటర్ నా చేతిల పెట్టిండు.

ముందుగాల కెమెరా ఎట్ల కొలుస్తదో చూద్దాం. దానికి మనిషి ఎవరు, గోడ ఏది అన్న సోయి లేదు. వాటి మీద పడి తన దిక్కు తిరిగొచ్చిన వెలుగును కొలుస్తది. పడ్డ వెలుగుల సుమారు 18 శాతం తిరిగి పంపే బూడిద రంగును నడిమి రంగు అని లెక్క పెట్టుకున్నరు. ఎదురుగ ఏదున్నా కెమెరా దాన్ని ఆ నడిమికే గుంజుతది. తెల్లగోడ కనపడితే వెలుగెక్కువైందని బొమ్మ మొత్తాన్ని తగ్గిస్తది, నీడల ఉన్న మనిషి చీకట్ల కలిసిపోతడు. నల్లగొంగడి కప్పుకున్న మనిషిని దగ్గర నుంచి తీస్తే ఉల్టా అయితది. వెలుగు సాలలేదని పెంచుతది, మొఖం బూడిద పూసినట్టయితది. ఇప్పటి ఫోన్లు మొఖాన్ని గుర్తుపట్టి కొంత సర్దుకుంటయ్ గాని, ఎనుక ఎండ గట్టిగుంటే అవీ ఓడిపోతయ్.

చేతి మీటర్ కథ వేరు. దాని నెత్తి మీద సగం కోసిన పింగ్‌పాంగ్ బంతి లెక్క తెల్ల గుబ్బ ఉంటది. దాన్ని కెమెరా దగ్గర పట్టొద్దు, నటించే మనిషి మొఖం దగ్గర పట్టి గుబ్బను కెమెరా దిక్కు తిప్పాలె. మన నీడ దాని మీద పడొద్దు. అప్పుడది మనిషి మీద పడుతున్న వెలుగును కొలుస్తది. ఆ మనిషి ఎరుపా, నలుపా, చామనఛాయా అన్నది దానికి అవసరం లేదు. ఐఎస్‌ఓ 400, సెకనుకు 25 ఫ్రేములు, షట్టర్ 1/50 అని పెడితే, నీడల అరుగు మీద లెన్స్ నంబర్ 8 అని చూపెట్టొచ్చు. అదే కెమెరాల పెడితే నల్లమొఖం నల్లగనే, కాని కండ్లు, ముడుతలు, నవ్వు అన్నీ కనపడేటట్టు వస్తది. మరీ ముదురు రంగైతే కెమెరామెన్లు అర స్టాపు పెంచుతరు, లేదంటే పక్క నుంచి మెత్తటి వెలుగిస్తరు.

స్టాపు అంటే భయపడకుండ్రి. ఒక స్టాపు పెంచితే వెలుగు రెండింతలు, తగ్గిస్తే సగం. మొఖానికి ఒక దిక్కు 8, రెండో దిక్కు 4 చూపెట్టిందంటే నడుమ రెండు స్టాపులు, అంటే నాలుగింతల తేడా. అంత తేడా వద్దనుకుంటే చీకటి దిక్కు ఒక తెల్ల దుప్పటి పట్టాలె. సుబ్రతో మిత్రా 1956ల వచ్చిన 'అపరాజితో'కు కాశీ ఇంటి సెట్టు మీద తెల్లగుడ్డ కట్టి, లైట్లు దానికి కొట్టి, మళ్లొచ్చిన మెత్తటి వెలుగుతోని తీసిండు. దానికి ముందు 'పథేర్ పాంచాలి'కి కెమెరా పట్టే దాక ఆయన సినిమా కెమెరా నడిపినోడు కాదు.

ఫిలిం కాలంల మీటర్ లేకుంటే పని నడవకపోయేది. ల్యాబుల కడిగొచ్చే దాక బొమ్మ ఎట్లొచ్చిందో తెలువదు. ఇప్పుడు తెర మీద వెంటనే కనపడుతది, కాని ఎండల ఆ తెర కండ్లను మోసం చేస్తది. అంకె మోసం చెయ్యది. మూడు గంటలకు తీసిన షాటును ఐదు గంటల షాటుతోని కలపాలంటే నోటుబుక్కుల రాసుకున్న అంకెనే దిక్కు.

ఇదంతా ఉత్త యంత్రాల ముచ్చట కాదు. 1950ల నుంచి కొడాక్ కంపెనీ ఫొటో ల్యాబులకు పంపిన కొలత కార్డుల మీద తెల్లమ్మాయి బొమ్మే ఉండేది. దాన్ని 'షర్లీ కార్డు' అన్నరు. ఆమె చర్మం మంచిగ వస్తే రంగు సరిగ్గున్నట్టు. నల్లోళ్ల మొఖాలు సరిగ్గ పడకున్నా ఏండ్లకేండ్లు నడిచింది. చాక్లెట్ కంపెనీలు, చెక్క ఫర్నిచర్ కంపెనీలు మా సరుకు రంగులు సరిగ్గ వస్తలేవని మొత్తుకున్నంకనే కొడాక్ ఫిలింను మార్చే పనిల పడ్డదని, ఆ కంపెనీల పనిచేసినోళ్లను అడిగి కెనడా పరిశోధకురాలు లోర్నా రాత్ రాసింది. మనుషుల మొఖం కన్న చాక్లెట్ గోస ముందు వినపడ్డది. అందుకే "ఆమె నల్లగుంటది కద" అన్న మాట ఇప్పుడు నాకు నచ్చదు. కొలత మనం తప్పు పట్టి, రంగు మీద నింద ఏస్తున్నం.

మీటర్ కొనాలంటే వేల రూపాయలు. పైసలు లేవని ఆగకుండ్రి. అందరికీ అరచేయి ఉన్నది. ఒంటి రంగు ఏదైనా అరచేతుల రంగు ఇంచుమించు దగ్గరగుంటది, నడిమి బూడిద కన్న సుమారు ఒక స్టాపు ఎక్కువ. మనిషి మొఖం పక్కనే అరచేయి పట్టుండ్రి, అదే వెలుగు దాని మీద పడాలె. ఫోన్‌ను దగ్గరికి తీస్కపోయి తెర నిండ అరచేయి కనపడేటట్టు పెట్టి, వేలుతోని గట్టిగ ఒత్తి పట్టుకుంటే ఎక్స్‌పోజర్ లాక్ అయితది. ఫోకస్ కూడా అక్కడే ఆగుతది గనుక, వెనక్కొచ్చినంక మొఖం మసకగ అనిపిస్తే దూరం సరిచూసుకోవాలె. సూర్యుని గుర్తును జరిపి వెలుగును ఒక స్టాపు పెంచుండ్రి. ఎనుక గోడ తెల్లగ మాడిపోవచ్చు. మాడనియ్యుండ్రి, మనం గోడ కథ తీస్తలేం. లేదంటే అవ్వనే గోడ నుంచి ఇంకో దిక్కు తిప్పి కూసోబెట్టుండ్రి.

మొన్న మళ్లీ ఆ ఊరికి పోయిన. కలుపు తీసి తీసి కాయలు గాసిన అవ్వ అరచేయినే ఆమె చెంప పక్కన పట్టమన్న, కొలిచిన, తీసిన. చూపెడితే ఫోన్‌ను దగ్గరికి గుంజుకొని శానాసేపు చూసింది.

"ముక్కుపుడక కూడా పడ్డదిరా" అన్నది.