కుటుంబవైద్య రెసిడెన్సీ: శిక్షణ, పనిగంటలు, రోగి మాట

ఉపోద్ఘాతం

గుండెకొక వైద్యుడు, కంటికొక వైద్యుడు, ఎముకలకొక వైద్యుడు ఏర్పడిన కాలంలో మనిషినంతటినీ ఒకే వైద్యుడు చూడాలనడం పాతకాలపు కోరికలా వినిపించవచ్చు. అమెరికాలో ఆ కోరికే 1960ల చివర ఒక ప్రత్యేక వైద్యశాఖగా రూపుకట్టింది. రెండో ప్రపంచయుద్ధం తరవాత అక్కడి యువవైద్యులు పెద్దసంఖ్యలో ప్రత్యేక శాఖలవైపు మళ్ళారు. ఇంటిల్లిపాదికీ తెలిసిన సాధారణ వైద్యుల సంఖ్య తగ్గుతూ వచ్చింది. మిల్లిస్, విల్లార్డ్‌ల అధ్యక్షతన ఏర్పడిన సంఘాలు 1966లో ఇచ్చిన నివేదికలు ఈ లోటును ఎత్తిచూపాయి. 1969 ఫిబ్రవరిలో కుటుంబవైద్యానికి ఇరవయ్యవ ప్రత్యేకశాఖగా గుర్తింపు లభించింది. అన్నిటినీ చూడడమే ప్రత్యేకత అయిన శాఖ అది. ఒక్కసారి పొందిన ధ్రువపత్రం జీవితాంతం చెల్లుతూ వచ్చిన రోజుల్లో, ఏడేళ్ళకొకసారి మళ్ళీ పరీక్ష రాయాలన్న నియమాన్ని మొదట పెట్టుకున్నదీ ఈ శాఖే.

ఒకే రోగిని ఏళ్ళ తరబడి ఒకే వైద్యుడు చూడడం కుటుంబవైద్యానికి మూలసూత్రం. ఆ సూత్రాన్ని నేర్పే మూడేళ్ళ రెసిడెన్సీ దాన్ని ఆచరణలో ఎంతవరకు నిలవనిస్తుందో పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

‘రెసిడెంట్’ అనే మాట

1889లో బాల్టిమోర్‌లో జాన్స్ హాప్కిన్స్ ఆసుపత్రి ప్రారంభమైనప్పుడు విలియం ఆస్లర్, విలియం హాల్‌స్టెడ్‌లు అక్కడ నెలకొల్పిన శిక్షణపద్ధతిలో యువవైద్యులు ఆసుపత్రిలోనే నివసించేవారు. రెసిడెంట్ అన్న పేరు ఆ నివాసం వల్ల వచ్చింది. తెలుగునాట వాడుకలో ఉన్న ‘హౌస్ సర్జన్’లోని హౌస్ కూడా ఆసుపత్రే. శస్త్రచికిత్సతో సంబంధం లేకపోయినా ఆ పేరు మన జిల్లా ఆసుపత్రుల్లో నిలిచిపోయింది. గురువు సమీపంలో నివసించే శిష్యుణ్ణి అంతేవాసి అనడం మన సంప్రదాయం. రెండు మాటల్లోనూ చదువుకంటే ముందు నివాసమే కనిపిస్తుంది. ఇప్పటి రెసిడెంట్ ఆసుపత్రిలో కాపురముండడు. అయితే వారానికి 80 గంటలవరకు అక్కడే గడిపేవాడికి ఆ పేరు పూర్తిగా నప్పదనీ చెప్పలేం.

మూడేళ్ళ నడక

అమెరికాలో రెసిడెన్సీ స్థానాలను అభ్యర్థుల, ఆసుపత్రుల ప్రాధాన్యక్రమాలను సరిపోల్చి కేటాయిస్తారు. మార్చి మూడో శుక్రవారం ఫలితం తెలుస్తుంది. శిక్షణ సాధారణంగా జులై 1న మొదలవుతుంది. ఆంధ్ర, తెలంగాణ వైద్యకళాశాలల్లో చదివినవారు అక్కడి అర్హతపరీక్షలు, ధ్రువీకరణ పూర్తిచేసుకొని ఇదే వరుసలో నిలబడతారు.

శిక్షణకాలం 36 నెలలు. మొదటి ఏడాది ఎక్కువభాగం వార్డుల్లో గడుస్తుంది. పెద్దల వార్డు, పిల్లల వార్డు, ప్రసూతి, అత్యవసర విభాగం నెలల లెక్కన మారుతుంటాయి. వీటి మధ్య కొన్ని పూటలు రెసిడెంటు సొంత క్లినిక్‌కు కేటాయిస్తారు. రెండు, మూడు సంవత్సరాల్లో ఆ పూటలు పెరుగుతాయి. ఈ క్లినిక్కే కుటుంబవైద్య శిక్షణకు ఆయువుపట్టు. వార్డులో రోగి కొన్నాళ్ళుండి వెళ్ళిపోతాడు. క్లినిక్‌లో కొందరు రోగులు రెసిడెంటు పేరు మీదనే నమోదై, మూడేళ్ళూ అతని దగ్గరకే వస్తారు. గర్భిణిగా వచ్చినామెకు ప్రసవం చేసి, ఆ బిడ్డకు టీకాలు వేసి, అదే ఇంటి పెద్దావిడ రక్తపోటు చూడగల అవకాశం ఇక్కడే ఉంది.

క్లినిక్‌లో రెసిడెంటు రోగిని పరీక్షించి, పక్కగదిలో కూర్చున్న అధ్యాపకవైద్యుడికి విషయం విన్నవిస్తాడు. వృద్ధుల ప్రభుత్వబీమా అయిన మెడికేర్ నిబంధనల్లో ప్రాథమికవైద్యానికి ఒక మినహాయింపు ఉంది. దాని ప్రకారం ఒక అధ్యాపకుడు ఒకేసారి నలుగురు రెసిడెంట్లవరకు పర్యవేక్షించవచ్చు. తేలికపాటి సందర్భాల్లో ప్రతి రోగినీ ఆయన స్వయంగా చూడనక్కరలేదు. రెసిడెంటుకు ఆరునెలల శిక్షణ పూర్తయ్యాకే ఈ వెసులుబాటు వర్తిస్తుంది. ఆ రెండు గదుల మధ్య నడకలోనే నిర్ణయం తీసుకోవడం అలవాటవుతుంది. “మూడువారాలుగా తలనొప్పి” అన్న ఫిర్యాదు వెనక కంటిచూపు ఉండవచ్చు, రక్తపోటు ఉండవచ్చు, ఉద్యోగం పోయిన బెంగ ఉండవచ్చు. ఏ శాఖకూ చెందని దశలో ఉన్న రోగంతోనే ఈ వైద్యుడికి పని.

చాలాకాలం రెసిడెంటు మూడేళ్ళలో 1650 మంది రోగులను క్లినిక్‌లో చూడాలన్న లెక్క ఉండేది. 2023లో అమలైన కొత్త నిబంధనలు దాని స్థానంలో 1000 గంటల లెక్కను తెచ్చాయి. తలలు లెక్కపెట్టడంకంటే కాలాన్ని లెక్కపెట్టడం మేలే. కానీ అదే రోగి అదే రెసిడెంటును ఎన్నిసార్లు కలిశాడన్నది ఈ రెండు లెక్కల్లోనూ నేరుగా తేలదు.

పనిగంటలు – చేతులు మారే రోగి

1984లో న్యూయార్క్‌లోని ఒక ఆసుపత్రిలో లిబ్బీ జయన్ అనే 18 ఏళ్ళ యువతి చేరిన కొద్దిగంటలకే మరణించింది. ఆమెను చూసుకున్నది శిక్షణలో ఉన్న వైద్యులు. గ్రాండ్ జ్యూరీ వారిపై నేరం మోపలేదు. సుదీర్ఘమైన విధులను, అనుభవజ్ఞుల పర్యవేక్షణ కొరవడడాన్ని మాత్రం తప్పుపట్టింది. 1989లో న్యూయార్క్ రాష్ట్రం రెసిడెంట్ల పనిగంటలకు హద్దు విధించింది. 2003లో వారానికి 80 గంటల పరిమితి దేశమంతటా వచ్చింది. దాన్ని నాలుగువారాల సగటుగా లెక్కిస్తారు. 2011లో మొదటి ఏడాదివారికి ఏకధాటిగా 16 గంటలే పని అన్నారు. 2017లో ఆ పరిమితిని తీసివేసి, తిరిగి 24 గంటల విధిని అనుమతించారు.

ఈ ఊగిసలాట వెనక ఉన్న చిక్కు చిన్నది కాదు. అలసిన వైద్యుడు పొరబడతాడు. అతణ్ణి ఇంటికి పంపితే రోగి మరో వైద్యుడి చేతికి వెళతాడు, ఆ చేతులు మారడంలోనూ పొరపాటు దొర్లుతుంది. అప్పగింతను ఒక క్రమంలో చెప్పడం నేర్పితే ఫలితం ఎలా ఉంటుందో తొమ్మిది ఆసుపత్రుల పిల్లల విభాగాల్లో పరిశీలించారు. ఆ ఫలితాలు 2014లో వెలువడ్డాయి. వైద్యపరమైన పొరపాట్లు 23 శాతం, నివారించదగిన హాని 30 శాతం తగ్గాయి. గంటల చర్చకు దక్కినంత శ్రద్ధ ఈ మాటల చర్చకు దక్కకపోవడం విచిత్రం. అప్పగింత కూడా ఒక కథనమే: ఎవరు, ఏమైంది, ఏమి చేశాం, ఏది జరిగితే ఏమి చేయాలి.

కుటుంబవైద్యానికి ఈ సమస్య మరింత పదునుగా తగులుతుంది. రాత్రంతా ప్రసూతివార్డులో మేలుకున్న రెసిడెంటు మర్నాడు క్లినిక్‌లో ఉండకూడదు. తన రోగి ఆనాడే వస్తే మరొకరు చూస్తారు. నియమం న్యాయమైనదే, కానీ నష్టపోయేది శాఖ మూలసూత్రం. రెసిడెంటు ఇంట్లోవాళ్ళు మాత్రం గంటలను ఇలా లెక్కించరు. శని, ఆదివారాలు రెండూ కలిసివచ్చే సెలవు నెలకు ఎన్నిసార్లన్నదే వారి లెక్క.

మన దగ్గర

భోర్ కమిటీ 1946లో ఎల్.ఎం.పి. వంటి లైసెన్షియేట్ చదువులను తొలగించి, ఎం.బి.బి.ఎస్.నే ఏకైక ప్రాథమికవైద్య పట్టాగా ఉంచమని సూచించింది. ఆ ఎం.బి.బి.ఎస్. వైద్యుడే సమాజానికి వైద్యుడవుతాడన్నది ఆశ. ఆచరణలో అది పీజీ సీటుకు తొలిమెట్టయింది. ఊళ్ళో పేరుపెట్టి పిలిచే వైద్యుడి స్థానంలోకి ఆర్.ఎం.పి. వచ్చాడు. జాతీయ పరీక్షామండలి కుటుంబవైద్యంలో మూడేళ్ళ డి.ఎన్.బి. నిర్వహిస్తోంది. కోళికోడ్ ప్రభుత్వ వైద్యకళాశాలలో ఎం.డి. ఉంది. చదువు ఉన్నా, ఆ పేరుతో ప్రజలు గుర్తించే స్థానం ఇంకా ఏర్పడలేదు.

రోగి మాట

బాలింట్ అనే హంగరీ వైద్యుడు లండన్‌లో సాధారణ వైద్యులను కూర్చోబెట్టి, తమను వేధిస్తున్న రోగుల గురించి మాట్లాడించాడు. ఆయన గ్రంథం 1957లో వచ్చింది. అనేక రెసిడెన్సీల్లో నేటికీ బాలింట్ బృందాలు జరుగుతాయి. రెసిడెంటు రోగితో మాట్లాడిన తీరును వీడియోలో చూపి చర్చించడమూ శిక్షణలో భాగమే.

అమెరికాలో పిల్లల దగ్గరికి వచ్చిన తెలుగు తల్లి క్లినిక్‌లో “వేడి చేసింది” అంటే, ఆ మాట నోటిపూతను, మూత్రంలో మంటను, సెగగడ్డను, విరేచనాన్ని దేన్నయినా సూచించవచ్చు. దాన్ని ‘జ్వరం’ అని అనువదిస్తే వైద్యం మొదటి వాక్యంలోనే దారితప్పుతుంది. “ఒంట్లో నలతగా ఉంది”, “కాళ్ళు లాగేస్తున్నాయి”, “కడుపులో తిప్పుతోంది” అన్నవాటికీ ఇదే గతి. మైనరు పిల్లలచేత అనువాదం చేయించడాన్ని 2016 నాటి సమాఖ్య నిబంధనలు అత్యవసరంలో తప్ప నిషేధించాయి. ఎదిగిన కూతురు పక్కన కూర్చున్నా చిక్కు తీరదు. కూతురి ముందు తల్లి కొన్ని చెప్పదు, తల్లి చెప్పినవాటిలో కొన్ని కూతురు దాటవేస్తుంది. ఫోనులోని దుబాసీకి మాట తెలుసు, మనిషి తెలియదు. తెలుగు తెలిసిన రెసిడెంటు అక్కడుంటే “వేడంటే ఎక్కడమ్మా?” అని అడగగలడు. తెలుగు తెలియనివాడికి ఆ ప్రశ్న నేర్పడం కూడా శిక్షణలో భాగం కావాలి. ఇంతవరకు వైద్యులకోసం తయారైన మాటలపట్టికలు శరీరభాగాల పేర్లతోనే ఆగిపోతున్నాయి. ఇటువంటి బాధావాచకాలను ప్రాంతాలవారీగా సేకరించడం తెలుగు మాండలిక పరిశోధకుల పని.

జూన్‌లో మూడో ఏడాదివారు వెళ్ళిపోతారు. వారి పేరు మీదున్న రోగులను జులైలో వచ్చే కొత్తవారికి పంచుతారు. వెళ్ళేవారు ఒక్కొక్క రోగికీ అప్పగింత రాస్తారు. మందులు, పరీక్షల తేదీలు, ఎలర్జీలు అందులో తప్పకుండా ఉంటాయి. జాగ్రత్తపరుడైన రెసిడెంటయితే అడుగున మరో వాక్యం చేరుస్తాడు: ఈమె ‘వేడి’ అంటే మూత్రంలో మంట, కూతురు బయటికి వెళ్ళాక మళ్ళీ అడగండి.