కుక్కపిల్ల ముద్దుగా ఉంది, సరే... పడకగది ఏదీ?

హౌస్ సిట్టింగ్ వెబ్‌సైట్లలో ఇళ్ల వివరాలు తిరగేస్తుంటే ఒక తమాషా తరచూ కనిపిస్తుంది. ఏడు ఫొటోలుంటాయి. అయిదింటిలో కుక్కే: సోఫా మీద కుక్క, మంచులో కుక్క, పుట్టినరోజు టోపీ పెట్టుకున్న కుక్క. ఆరోది పెరట్లోంచి తీసిన సూర్యాస్తమయం. ఏడోదాంట్లో వంటింటి గట్టు ఓ మూల, దానిమీద సగం తాగి వదిలేసిన కాఫీ కప్పు. మూడు వారాలు ఆ ఇంట్లో ఉండబోయే మనిషి ఎక్కడ పడుకోవాలో, స్నానం ఎక్కడ చేయాలో, లాప్‌టాప్ ఎక్కడ పెట్టుకోవాలో ఒక్క ఫొటో కూడా చెప్పదు. యజమాని మాత్రం ఎవరూ ముందుకు రావడం లేదేమిటా అని తల పట్టుకుంటాడు.

యజమాని ఊరెళ్లినప్పుడు మరొకరు వచ్చి ఆ ఇంట్లో ఉండి చూసుకునే ఈ ఏర్పాటు మన పాఠకుల్లో చాలామందికి కొత్తే. మన దగ్గర ఊరెళ్లాలంటే తాళంచెవి పక్కింటి పిన్నిగారికో, అపార్ట్‌మెంట్ వాచ్‌మన్‌కో ఇచ్చి, తులసికి నీళ్లు పోయమని చెప్పి బయల్దేరడం అలవాటు. బ్రిటన్, ఆస్ట్రేలియా, అమెరికా లాంటి చోట్ల దీనికి వెబ్‌సైట్లున్నాయి. 2010లో ఇంగ్లండ్‌లోని బ్రైటన్‌లో మొదలైన ట్రస్టెడ్ హౌస్‌సిట్టర్స్ వాటిలో బాగా పేరున్నది. యజమాని, సిట్టర్ ఇద్దరూ అక్కడ సభ్యత్వ రుసుము కడతారు. ఆ తర్వాత వాళ్ల మధ్య అద్దె ఉండదు, జీతమూ ఉండదు. సిట్టర్ ఇంటినీ, కుక్కనో పిల్లినో చూసుకుంటాడు. బదులుగా ఆ ఇంట్లో ఉంటాడు.

“ఊరికే ఉండనిస్తున్నాం కదా, ఫొటోలు ఎలా ఉంటే ఏం?”

అన్నిటికన్నా పాతుకుపోయిన అపోహ ఇదే. సిట్టర్‌కు అది ఊరికే వచ్చే బస కాదు. విమానం టికెట్టో, పెట్రోలో తన జేబులోంచే పెట్టుకుంటాడు. పొద్దున్నే లేచి కుక్కను నడకకు తీసుకెళ్లాలి, వేళకు మందు వేయాలి, ఒంటరిగా వదలకూడదంటే రోజంతా ఇంటిపట్టునే ఉండాలి. ఇంత పనికీ అతనికి అందే ప్రతిఫలం ఆ ఇల్లొక్కటే. దాన్నే చూపించకపోతే, జీతం ఎంతో చెప్పకుండా ఉద్యోగానికి రమ్మన్నట్టు ఉంటుంది. లండన్ నడిబొడ్డున ఉన్న ఇల్లయితే ఊరి పేరు చూసే కొందరు వస్తారు. రైలూ బస్సూ లేని పల్లెలోని ఇంటికి ఆ వెసులుబాటు లేదు. దాని తరఫున మాట్లాడాల్సింది ఫొటోలే.

“మంచి కెమెరా లేనిదే మంచి ఫొటో రాదు”

ఈ నమ్మకం వెనక ఒక నిజమైన కథ ఉంది. ఇళ్లను కొద్దిరోజులకు అద్దెకిప్పించే వెబ్‌సైట్ ఎయిర్‌బీఎన్‌బీ 2009లో ఇంకా తప్పటడుగుల దశలో ఉంది. వారానికి 200 డాలర్ల దగ్గర ఆదాయం ఆగిపోయింది. వ్యవస్థాపకులు జో గెబియా, బ్రయాన్ చెస్కీ న్యూయార్క్‌లోని తమ లిస్టింగులను వరసగా చూస్తే అన్నిట్లోనూ ఒకటే లోపం కనపడింది: మసక ఫొటోలు. కొత్త కంపెనీలకు పెట్టుబడి పెట్టే వై కాంబినేటర్ సంస్థకు చెందిన, తమకు మార్గదర్శిగా ఉన్న పాల్ గ్రాహం ప్రోత్సాహంతో న్యూయార్క్ వెళ్లి, 5,000 డాలర్ల కెమెరా అద్దెకు తీసుకుని, ఇల్లిల్లూ తిరిగి తామే ఫొటోలు తీశారు. కొద్దిరోజుల్లోనే ఆదాయం వారానికి 400 డాలర్లయింది. మరుసటి ఏడు ఆ సంస్థ ఫొటోగ్రాఫర్లను పంపే కార్యక్రమాన్నే మొదలుపెట్టింది.

కథ వింటే ఘనత కెమెరాదే అనిపిస్తుంది. కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో మొదలై 2022లో ‘మేనేజ్‌మెంట్ సైన్స్’ పత్రికలో అచ్చయిన అధ్యయనం చూస్తే విషయం వేరుగా తేలుతుంది. పరిశోధకులు 7,423 ఎయిర్‌బీఎన్‌బీ ఇళ్లను 16 నెలల పాటు గమనించారు. సంస్థ ఫొటోగ్రాఫర్లు తీసిన చిత్రాలున్న ఇళ్లలో బుకింగులు దాదాపు 9 శాతం ఎక్కువ. మంచి ఫొటో అంటే ఏమిటో తేల్చడానికి వాళ్లు 12 లక్షణాలను కొలిచారు. అన్నీ మూడు సంగతుల కిందికే వస్తాయి: చిత్రంలో వస్తువుల అమరిక, రంగులూ వెలుగూ, ముఖ్యమైనది వెనకదానిలో కలిసిపోకుండా విడిగా కనపడటం. అద్దె ఇళ్లకూ హౌస్ సిట్టింగుకూ తేడా ఉన్న మాట నిజమే కానీ, చూసే కన్ను ఒక్కటే. ఆ మూడింటికీ ఇప్పటి మామూలు ఫోను సరిపోతుంది.

చేయాల్సిన పనులు చిన్నవి. ముందు ఫోను లెన్సు తుడవాలి. జేబులోని నూలుపోగులూ వేలి జిడ్డూ కలిసి ఇంటిని పొగమంచులో ముంచేస్తాయి. కర్టెన్లు తీసి పగటి వెలుతురులో తీయాలి. ఫ్లాష్ అక్కర్లేదు. దాని వెలుగు దగ్గరి కుర్చీని తెల్లబరిచి వెనక గోడను చీకట్లోకి నెట్టేస్తుంది. పసుపు బల్బూ కిటికీ వెలుగూ కలిస్తే గోడ ఒకపక్క పచ్చగా, మరోపక్క నీలంగా వస్తుంది కనుక పగలు లైట్లు ఆర్పేయడమే నయం. ఫోనును ఛాతీ ఎత్తులో, ఎటూ ఒరగకుండా పట్టుకుంటే తలుపులూ గోడలూ నిటారుగా నిలబడతాయి. కెమెరా సెట్టింగుల్లో ఉండే గళ్ల గీతలు అందుకే. బాత్‌రూమ్‌లో అద్దం ఎక్కడుందో ముందు చూసుకోవాలి. తువ్వాలు చుట్టుకున్న యజమాని అందులో దర్శనమిచ్చే ఫొటోలు బయట తక్కువేమీ లేవు.

“ఇల్లు ఎంత ఘనంగా కనపడితే అంత మంచిది”

అసలు ప్రమాదం ఇక్కడుంది. కార్నెగీ మెలన్ బృందంలోని కొందరే చేసిన మరో పరిశోధన తమాషా అయిన సంగతి బయటపెట్టింది. చాలా గొప్పగా తీసిన ఫొటోలు వెంటనే గిరాకీ తెస్తాయి. కానీ ఇల్లు ఆ స్థాయిలో లేకపోతే వచ్చినవాళ్లు నిరాశపడి తక్కువ రేటింగు ఇస్తారు, ఆ దెబ్బ తర్వాతి గిరాకీ మీద పడుతుంది. అలాంటి ఇళ్లకు ఓ మోస్తరు ఫొటోలే ఎక్కువ కాలం మేలు చేయవచ్చని వాళ్లు తేల్చారు. స్టూడియోలో మెరుగులు దిద్దిన పెళ్లిచూపుల ఫొటోతో పూర్వం వచ్చిన చిక్కే ఇదీ.

హౌస్ సిట్టింగులో ఈ చిక్కు మరీ ముదురుతుంది. హోటల్ నచ్చకపోతే అతిథి మర్నాడు ఖాళీ చేసి పోతాడు. సిట్టర్ వెళ్లిపోతే కుక్కకు అన్నం పెట్టేవాళ్లుండరు, యజమాని అప్పటికి ఇంకో ఖండంలో ఉంటాడు. అందుకని ఇక్కడ ఫొటో పని జనాన్ని పోగేయడం కాదు. ఈ ఇంటికి సరిపడేవాళ్లు ముందుకు రావాలి, సరిపడనివాళ్లు తమ ఇంటిదగ్గరే ఆగిపోవాలి. దరఖాస్తులు పదొచ్చాయా రెండొచ్చాయా అన్నదానికన్నా వచ్చినవాళ్లు తలుపు తీయగానే “ఇలా ఉందేమిటి!” అనుకోకపోవడం ముఖ్యం.

ఈ కోణంలో చూస్తే ఫోనులో ‘0.5’ అని ఉండే అల్ట్రావైడ్ బటన్ మీద అనుమానం కలగాలి. మామూలు లెన్సుకు అందని వెడల్పును అది ఒక్క చట్రంలోకి తెస్తుంది. అంచుల్లో ఉన్న వస్తువులను మాత్రం సాగదీస్తుంది, ఎదుటి గోడను దూరం జరుపుతుంది. పదడుగుల గది కల్యాణమండపమై కూర్చుంటుంది. ఇరుకు బాత్‌రూమ్‌కు అది తప్పకపోవచ్చు. పడకగదికి మాత్రం మామూలు లెన్సుతో గుమ్మంలోంచి ఒకటి, ఎదురు మూలనుంచి ఒకటి తీయడం నిజాయితీ.

దాచాలనిపించేవే ముందు చూపించాలి. పైఅంతస్తుకు వెళ్లే నిలువు మెట్లు, మోకాళ్ల నొప్పులున్న అరవై ఏళ్ల దంపతులకు అక్షరాలా నిర్ణయాన్ని మార్చే ఫొటో. సిట్టర్లలో పదవీ విరమణ చేసినవాళ్లు చాలామందే ఉంటారు. సోఫానే మంచంగా మార్చుకోవాలంటే విప్పి పరిచి ఫొటో తీయాలి. కారు పెట్టే చోటు, పెరటి కంచె, పనిచేసుకునే బల్ల, పొయ్యి, వాషింగ్ మెషీన్... ఇవేవీ అందమైన ఫొటోలు కావు, కానీ చూసేవాడు వెతికేది వీటినే. లాప్‌టాప్ మీద బతికే పాతికేళ్ల కుర్రాడు జూమ్ చేసి చూసేది తోటలోని గులాబీలను కాదు, ఆ బల్ల పక్కన ప్లగ్ పాయింటు ఉందా అని.

“పిల్లి ముద్దుగా ఉంటే చాలు”

పెంపుడు జంతువుల ఫొటోలు ఉండాల్సిందే. ఎక్కువమంది సిట్టర్లు వాటికోసమే వస్తారు. ముద్దొచ్చే ముఖంతో పాటు ఇంకాస్త సమాచారం కావాలి. కుక్క ఒక్కటే ఉన్న ఫొటోలో అది ఎంత పెద్దదో తెలియదు. మనిషి పక్కన, పట్టీతో నడుస్తూ ఉన్న ఫొటో ఒక్కటుంటే, నలభై కిలోల జంతువు లాగితే తాను ఆపగలడో లేదో సిట్టర్ ముందే లెక్కేసుకుంటాడు. కుక్క రాత్రి యజమాని పక్కమీదే పడుకుంటుందా? అయితే ఆ పక్క ఫొటో. పిల్లి మట్టి డబ్బా వంటింట్లోనే ఉందా? అదీ. నల్లపిల్లిని తెల్ల సోఫా మీద తీస్తే, తెలుపును చూసిన కెమెరా వెలుగు తగ్గించేస్తుంది. పిల్లి రెండు కళ్లున్న నల్ల ముద్దగా మిగులుతుంది. కిటికీ పక్కన, దాని ఎత్తుకే వంగి, ముఖం మీద వేలుంచి వెలుగు పెంచి తీస్తే మీసాలు కూడా కనపడతాయి.

“ఫొటోలు పెడితే దొంగలకు దారి చూపినట్టే”

ఇది పూర్తిగా అపోహ కాదు, సగం నిజం. గదులు కనపడటం వల్ల వచ్చే ముప్పు పెద్దగా లేదు. యజమాని గమనించని చిన్న వివరాలే ముప్పు తెస్తాయి. ఫోను తీసే ప్రతి ఫొటోలోనూ తేదీతో పాటు, లొకేషన్ ఆన్‌లో ఉంటే, తీసిన చోటు అక్షాంశ రేఖాంశాలు కూడా దాగి ఉంటాయి. యాంటీవైరస్ సాఫ్ట్‌వేర్‌తో పేరు మోసిన జాన్ మెకాఫీ 2012లో బెలీజ్ పోలీసుల కంటపడకుండా తిరుగుతున్నప్పుడు, ‘వైస్’ పత్రిక ఆయనతో తీయించుకున్న ఒక్క ఫొటో ఆయన గ్వాటెమాలాలో ఎక్కడున్నాడో బయటపెట్టేసింది. చాలా వెబ్‌సైట్లు ఈ సమాచారాన్ని తీసేస్తాయి, అయినా కెమెరా సెట్టింగుల్లోనే లొకేషన్ ఆపేసుకోవడం క్షేమం.

తాళంచెవుల సంగతి ఇంకా విచిత్రం. 2008లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం శాన్ డియాగో పరిశోధకులు, 195 అడుగుల దూరం నుంచి తీసిన ఫొటో ఆధారంగా చెవికి నకలు చేయవచ్చని నిరూపించారు. కాబట్టి హాల్లో కొక్కేనికి వేలాడే చెవుల గుత్తి ఫొటోలో పడకూడదు. అలారం పెట్టె, రౌటర్ మీద అంటించిన పాస్‌వర్డ్, బల్లమీది కవరుపై చిరునామా, వాకిట్లో ఇంటి నంబరు, గోడమీద పిల్లల ఫొటోలు, ఇవన్నీ పక్కకు తప్పించాకే కెమెరా పట్టుకోవాలి.

“ఒకసారి తీస్తే ఎప్పటికీ పనికొస్తాయి”

లండన్‌లో జూన్ పగలు పదహారున్నర గంటలు. డిసెంబరులో ఎనిమిది గంటలు కూడా ఉండదు, మధ్యాహ్నం నాలుగు కాకముందే పొద్దుగూకుతుంది. క్రిస్మస్‌కు సిట్టర్ కావాలంటూ జూన్ తోటను చూపిస్తే ఎలా? హీటరు, చలిమంట పొయ్యి, చీకట్లో కుక్కను తిప్పే వీధి చూపించాలి. ఆస్ట్రేలియాలో లెక్క తిరగబడుతుంది: అక్కడ డిసెంబరు మండువేసవి. మూడేళ్ల కిందటి కుక్కపిల్ల ఇప్పుడు దూడంత ఉంటే ఆ ఫొటో కూడా పాతదే.

“వీడియో కాల్‌లో అంతా చూపిస్తాంగా!”

కాల్ దాకా రావాలంటే ముందు ఎవరో ఒకరు దరఖాస్తు చేయాలి, అది ఫొటోలు చూశాకే జరుగుతుంది. సిట్టర్ అవసరం మనవాళ్లకూ వస్తోంది: సెలవులకు నాలుగైదు వారాలు హైదరాబాదో విజయవాడో వచ్చే ప్రవాస తెలుగు కుటుంబాలకు కూడా ఇప్పుడు ఇంట్లో కుక్కలుంటున్నాయి. ఫొటోల విషయంలో వాళ్లకో అదనపు మొహమాటం ఉంది: పోపుడబ్బాలూ గ్రైండరూ నిండిన వంటగట్టు, గుమ్మం పక్క చెప్పుల వరస, దేవుడి గది. వీటిని తప్పించి హోటల్ గదిలా తీయాలని చూస్తారు. నిజానికి చూపించాల్సినవి అవే. చెప్పుల వరస ఫొటో కింద “ఇంట్లో చెప్పులు వేసుకోం” అని ఒక్క ముక్క, దేవుడి గది తలుపు కింద “ఇది మూసే ఉంచండి” అని ఇంకో ముక్క రాస్తే, నచ్చనివాళ్లు అడగకుండానే తప్పుకుంటారు. ఇక వీడియో కాల్ సమయాన్ని ఫొటోకు లొంగని వాటికి వాడుకోవచ్చు: నీళ్ల మెయిన్ వాల్వు ఎటు తిప్పాలి, తలుపు తాళం ఎక్కడ మొరాయిస్తుంది, గంట మోగితే కుక్క ఎంత గట్టిగా మొరుగుతుంది.