కరువు సీమలో పడవల దారి: కె.సి. కెనాల్ లాకుల కథ

ఉరవకొండ పిల్లలకు కాలువ అంటే తుంగభద్ర ఎగువ కాలువో, హంద్రీ-నీవానో. వాటిలో నీళ్లు వస్తాయి గానీ పడవలు రావు. కానీ ఇదే రాయలసీమలో ఒకప్పుడు పడవలు నడిచిన కాలువ ఉంది. అదే కర్నూలు-కడప కాలువ, అందరూ అనే కె.సి. కెనాల్.

సర్ ఆర్థర్ కాటన్ ఆలోచనతో మద్రాస్ ఇరిగేషన్ కంపెనీ 1860లలో దీన్ని తవ్వించింది. పొలానికి నీళ్లు, సరుకుకు దారి, రెండూ ఒకే కాలువతో అవ్వాలన్నది లెక్క. తుంగభద్ర మీద సుంకేసుల దగ్గర మొదలై నంద్యాల మీదుగా కడప దాకా సుమారు 300 కిలోమీటర్లు సాగుతుంది.

ఈ దూరంలో నేల వంద మీటర్లకు పైగా దిగుతుంది. మరి పడవ ఎలా దిగేది? అక్కడే లాకుల పని. లాకు అంటే ముందూ వెనకా తలుపులున్న నీటి గది. పడవ లోపలికి రాగానే పై తలుపు మూసి, తూము ద్వారా నీళ్లు కిందికి వదులుతారు. నీటితో పాటే పడవా దిగుతుంది. దిగువ మట్టం అందాక కింది తలుపు తీస్తారు. తిరుగు ప్రయాణంలో గదిని నింపితే పడవ పైకి లేస్తుంది. మోటారు అక్కర్లేదు.

చిక్కల్లా నీళ్లతోనే. పడవ తేలాలంటే కాలువలో లోతు తగ్గకూడదు. అవే నీళ్లు పొలానికీ కావాలి. కంపెనీకి లాభం రాలేదు. 1882లో ప్రభుత్వం కాలువను కొనేసింది. తర్వాత పడవలు ఆగిపోయాయి, సేద్యం మిగిలింది.

ఇప్పుడు హంద్రీ-నీవా పంపులు కృష్ణా నీళ్లను మన జీడిపల్లి దాకా ఎత్తిపోస్తున్నాయి. అంత కరెంటు ఖర్చుతో వచ్చే నీళ్లకు పొలమే ముందు, గొంతు తడపడమే ముందు.